తీగకు గుచ్చిన ఉత్తరాలు

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి మా పెద్దత్తయ్య ఫోన్ చేసింది. "బుల్లీ, ఇల్లు విప్పేస్తున్నారే. అటక మీద ఓ ట్రంకు పెట్టె ఉంది, నిండా కాయితాలు. నీకు కావాలంటే వచ్చి పట్టుకుపో. లేకపోతే పాత పేపర్ల వాడికి తూకానికి వేసేస్తానంటున్నాడు మీ బావ" అంది.

విప్పడం అన్న మాట మావైపు వాళ్ళకి తెలుస్తుంది. మండువా లోగిళ్ళని ఎవరూ పడగొట్టరు. పెంకు దింపి, వాసాలు లాగి, టేకు స్తంభాలకీ గుమ్మాలకీ సుద్దముక్కతో నంబర్లు వేసి లారీ ఎక్కిస్తారు. ఎక్కడో ఏ రిసార్టులోనో మళ్ళీ నిలబెడతారట. కర్రకి మంచి రేటుంది. కాయితాలదేముంది, కేజీల లెక్క.

మా అమ్మమ్మగారిది కోనసీమలో గౌతమి ఒడ్డున లంక ఊరు. నాన్నది బదిలీల ఉద్యోగం కావడంతో నన్ను అక్కడే ఉంచి చదివించారు. రాజమండ్రి నుంచి ఇప్పుడు రావులపాలెం మీదుగా తిన్నగా కారులో వెళ్ళిపోవచ్చు. నేను మాత్రం పనిగట్టుకుని కోటిపల్లి దాకా వెళ్ళి పంటు ఎక్కాను. నా చిన్నప్పుడు ఈ రేవు మీదుగానే అన్నీ వచ్చేవి. కొబ్బరి మొక్కలు, పెళ్ళివారు, సైకిలు కడ్డీకి సంచి తగిలించుకున్న పోస్టు మావయ్య. పంటు ఇంజను శబ్దం మాత్రం మారలేదు. గుండెల్లో కొట్టినట్టు అదే డుబుడుబు.

పెట్టె మూత తీయగానే గుప్పుమన్నది కలరా ఉండల వాసన. దాని కింద ఇంకొకటి, చల్లగా, పచ్చిగా. వరద ఒండ్రు వాసన. దాదాపు నలభై ఏళ్ళు గడిచినా పోలేదు. అత్తయ్య ముక్కు ఎగబీల్చి, "గోదారి ఇంకా అందులోనే ఉందే" అంది.

పైన తాతయ్య డైరీలు. కింద ఫొటోల అట్టపెట్టె. అన్నిటికన్నా అడుగున, చుట్టచుట్టుకుని పడుకున్న పాములా, తీగ.

*

ఆ తీగ గురించి చెప్పాలి. మూరెడున్నర ఇనపతీగ. పైన కొక్కెం, అడుగున చెక్క బిళ్ళ. సావిట్లో దూలానికి వేలాడుతుండేది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదివాక దానికి గుచ్చేవారు. కార్డయినా, ఇన్లాండు కవరయినా, శిస్తు రసీదయినా, కరెంటు బిల్లయినా సరే. మధ్యలో టక్కున చిల్లు, అంతే. పాతవి అడుక్కి, కొత్తవి పైకి. ఆ రోజుల్లో ఇది లేని ఇల్లు ఉండేది కాదు. ఫలానా ఉత్తరం దాచాలా, పారెయ్యాలా అని తీగ ముందు నిలబడి ఆలోచించినవాళ్ళని నేను చూడలేదు.

అమ్మమ్మ పోస్టుని టపా అనేది. పదకొండు గంటలకి సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, "టపా వచ్చిందేమో చూడవే" అని కేక. కార్డు పదిహేను పైసలు. దాని మీద జనం రాసినంత ఇప్పుడెవరూ రాయలేరు. అడ్రసు పక్కన కూడా వదలకుండా, అంచుల వెంబడి నిలువుగా, అక్కడా చాలకపోతే రాసినదాని మీదే తలకిందులుగా. కార్డు కాబట్టి పోస్టు మావయ్య దారిలోనే చదివేసేవాడు. గుమ్మంలో అడుగు పెడుతూనే "పెద్దమ్మాయికి నెల తప్పిందటండీ" అని చెప్పేసి అప్పుడు కార్డు ఇచ్చేవాడు. అమ్మమ్మ అది మళ్ళీ నా చేత చదివించుకునేది. ఆ తరవాత తాతయ్య చదివేవాడు, పైకే. సాయంత్రం పక్కింటావిడ వస్తే మళ్ళీ నేను.

పెళ్ళి కబురైతే నాలుగు మూలలా పసుపు. చావు కబురైతే ఆ కార్డు గడప దాటి లోపలికి రాదు. అరుగు మీదే చదివి, అక్కడే చింపి, చెంబుడు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చేవాళ్ళు. దినకర్మలకి అచ్చేసి పంపే శుభస్వీకార పత్రికలదీ అదే దారి.

మొన్న ఆ తీగ ముందేసుకుని కూచున్నప్పుడు తట్టింది నాకు: ఇన్నేళ్ళ ఉత్తరాల్లో ఒక్క చావూ లేదు. పెళ్ళిళ్ళున్నాయి, బారసాలలున్నాయి, కోర్టు వాయిదాలున్నాయి, మామిడి తాండ్ర అందిందన్న కబురుంది. మనుషులు మాత్రం ఉన్నట్టుండి మాయమైపోతారు. మా రాజోలు పిన్నమ్మమ్మకి వచ్చిన ఉత్తరాలు కొన్ని ఇక్కడికి చేరాయి. ఒక కార్డులో ఆవిడ "చి॥ల॥సౌ॥". దాని పైన గుచ్చిన కార్డులో "గం॥భా॥స॥". రెండు కార్డుల మధ్య ఒక మనిషి పోయాడు. ఆయన ఎలా పోయాడో, ఏ రోజు పోయాడో తీగకి తెలీదు. గంగా భాగీరథీ సమానురాలు అన్న మాటకి అర్థం తెలియని పిల్లలు ఈ ఉత్తరాలు చదివితే ఇది అసలు కనిపించను కూడా కనిపించదు.

*

మా ఇంటికి పాలు పోసే పిన్ని ఉండేది. ఆవిడ పెనిమిటి మస్కట్‌లో మేస్త్రీల దగ్గర పనిచేసేవాడు. మా వైపు నుంచి అప్పుడప్పుడే గల్ఫ్ వెళ్ళడం మొదలైంది. తరవాత్తరవాత ఆడవాళ్ళు కూడా కువైట్, దుబాయ్ వెళ్ళి ఇళ్ళల్లో పనులు చేసి ఇక్కడ డాబాలు లేపారు. అప్పటికి మాత్రం ఊరికి ఇద్దరో ముగ్గురో.

పిన్నికి చదువు రాదు. నాకు పదకొండేళ్ళు, వ్యాసరచనలో ఫస్టు. కాబట్టి ఉత్తరాలు నేనే రాసేదాన్ని. సాయంత్రం పాలు కొలిచి, ఖాళీ చెంబు పక్కన పెట్టుకుని, మెట్టు మీద కూచునేది.

"రాయండి పాపగారూ. మీరు పంపిన డబ్బులు అందినాయండి. మావయ్యగారికి కాలు వాపు తగ్గలేదండి, ఆకు పసరు కడుతున్నానండి. రాత్రుళ్ళు కుక్కలు అరుస్తుంటే నాకు భయమేస్తందండి."

నేను రాసేది: "మహారాజశ్రీ శ్రీవారి పాదములకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తాము పంపిన పైకము అందినది. ఇచ్చట అందరమూ క్షేమము."

కుక్కలూ లేవు, భయమూ లేదు, ఆకు పసరూ లేదు. మా తెలుగు మాస్టారు చెప్పినట్టు రాయడమే గొప్ప అనుకునేదాన్ని. రాశాక చదివి వినిపిస్తే పిన్ని కళ్ళు ఇంత చేసుకుని, "ఎంత బాగా రాసారండీ" అనేది. ఆవిడ అన్న మాట ఒక్కటీ అందులో లేదన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు.

ఓసారి గేదె ఈనింది. పెయ్య. ఆ కబురు రాశాం. అది ఆరో రోజునో ఏడో రోజునో చచ్చిపోయింది. ఈలోగా అటునుంచి ఏరోగ్రామ్ వచ్చింది, పెయ్య ఎలా ఉంది, పాలు పూర్తిగా వదులుతున్నావా, తల్లికి తవుడు పెడుతున్నావా అని. పిన్ని కాసేపు చెంబు అంచు గోటితో గీకుతూ కూచుంది.

"చచ్చిపోయిందని రాయకండి. ఒక్కడూ ఎడారిలో ఉన్నాడు. బాగుందని రాయండి."

నేను రాశాను. ఊరికే రాస్తే బాగుండేది. "పెయ్య బహు చలాకీగా నున్నది. నుదుటన తెల్లని చుక్క కలదు" అని రాశాను. చుక్క నా సొంతం.

అక్కణ్ణుంచి ఆ పెయ్య ఉత్తరాల్లో పెరగడం మొదలెట్టింది. గడ్డి కొరికింది. ముకుతాడు వేయించాం. వానకి జలుబు చేసి తగ్గింది. రెండేళ్ళు దాటేసరికి పడ్డ అయింది. ఆయనేమో చూడి కట్టిందా అని అడగడం. పిన్నికి టెన్షన్. "ఇంకా లేదని రాయండి పాపగారూ" అనేది. అమ్మేశాం అందామంటే ఎంతకి అమ్మావు, డబ్బులేవి అంటాడు.

అవతల ఉత్తరాలు రాసేది కూడా ఆయన కాదు. అదే క్యాంపులో ఉండే ఇంకొకాయన అందరికీ రాసి పెట్టేవాడట. బాల్‌పెన్నుతో గుండ్రటి అక్షరాలు, 'ళ'కి తోక పొడుగ్గా లాగేవాడు. చివర్న "ఈ ఉత్తరము వ్రాసినవారి నమస్కారములు చదివినవారికి" అని ఉండేది. ఆ ఒక్క వాక్యం నాకు. నేనూ చివర్న "వ్రాసినవారి నమస్కారములు వ్రాసినవారికి" అని చేర్చేదాన్ని. ఒకసారి ఆయన "మీ దస్తూరి ముచ్చటగా నున్నది" అని చేర్చాడు. నెల్లాళ్ళు ఎగిరాను. ఆయన ఎవరో, ఏ ఊరివాడో ఇప్పటికీ తెలీదు.

మూడేళ్ళకి పిన్ని మొగుడు వచ్చాడు. టూ ఇన్ వన్, రెండు దుప్పట్లు, తలనొప్పి నూనె, వాసన సబ్బులు. ఆ ఉదయమే పిన్ని వాళ్ళన్నయ్య ఇంటి నుంచి ఒక పడ్డని తోలుకొచ్చి పాకలో కట్టింది. నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. ఆయన చేతిసంచి దింపి తిన్నగా పాకలోకి వెళ్ళాడు. పడ్డ మెడ నిమిరాడు. నుదురు చూశాడు. వంగి మళ్ళీ చూశాడు.

"చుక్కేదే?"

పిన్ని మాట్లాడలేదు.

"వానకి చెరిగిపోయిందా?" అన్నాడు, నవ్వకుండా. నేను ఇంటికి పరిగెత్తాను. ఆ సాయంత్రం ఆయనే మాకు సబ్బు ఒకటి తెచ్చిచ్చి, అరుగు మీద తాతయ్యతో మాట్లాడుతూ, "పాపగారు చాలా బాగా రాస్తారండీ, ఉన్నట్టే రాస్తారండీ" అన్నాడు.

పిన్నిది తాటాకిల్లు, ఎలుకలు. అందుకని తనకొచ్చిన ఏరోగ్రాములు కూడా మా తీగకే గుచ్చించేది. పదిహేడున్నాయి. నీలం రంగు ఇంకా ఉంది.

*

క్యాసెట్లు కూడా వచ్చేవి. ఎవరైనా సెలవు మీద వస్తుంటే వాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఇల్లంతా టేప్‌రికార్డర్ చుట్టూ చేరేవాళ్ళం. అరగంట సేపు గొంతు. మధ్యలో దగ్గు, వెనక ఎవరో గిన్నె పడేసిన చప్పుడు. విన్నాక దాని మీదే ఇక్కడివాళ్ళు తమ జవాబు రికార్డు చేసి వెనక్కి పంపేసేవారు, క్యాసెట్ ఖరీదు కదా. అటువాళ్ళూ అంతే. ఏళ్ళ తరబడి ఒకే క్యాసెట్ మీద ఒకరి గొంతు ఒకరు చెరుపుకుంటూ మాట్లాడుకున్నారు. చివరికి మిగిలిన వాటి మీద సినిమా పాటలున్నాయి.

*

1986 ఆగస్టు. శ్రావణమాసం. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు. ఆ ఏడు అది ఎప్పుడో దాటిపోయి 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. అంకెలు మాకు తరవాత తెలిశాయి. మాకు తెలిసిందల్లా గట్టు తెగిందన్న కేక. డాబా ఉన్నవాళ్ళింటి పైన మూడు రాత్రులు, పిల్లలం, పెద్దలం, ఒక మేక.

నీళ్ళు తీశాక ఇంట్లోకి వెళ్తే మోకాలి లోతు బురద. తీగ దూలానికే ఉంది. నీళ్ళు తాకిన గీత దాని మీద కూడా ఉంది. పై సగం పొడి, కింది సగం ముద్ద. పెద్దత్తయ్యా నేనూ ఒక్కో ఉత్తరం తీసి పెరట్లో దండెం మీద వేశాం, చీరలు ఆరేసినట్టు.

ఆరాక చూస్తే వింత. మా తాతయ్య తమ్ముడు రాజమండ్రిలో ప్లీడరు. గాంధీగారికి స్వదేశీ పెన్ను చేసి పంపిన రత్నంగారి ఊళ్ళో ఉంటూ ఆ పెన్ను కాక ఇంకోటి ఎలా పట్టుకుంటాడు? ముత్యాల్లాంటి అక్షరాలు ఆయనవి. ఆ ఉత్తరాలన్నీ లేతనీలం మరకలైపోయాయి. పాపం పెన్నుదేం లేదు, సిరా స్వభావం అది, నీళ్ళు తగిలితే కరుగుతుంది. మా పాత పాలేరు ఒకాయన ఏలూరు వెళ్ళిపోయి, పెన్సిలు ముక్కతో వంకరటింకరగా రాసిన కార్డులు మాత్రం అక్షరం చెదరలేదు. "అయ్యగారికి దన్నాలు. కొబ్బరి సెట్టుకి ఉప్పు ఎయ్యండి" అని ఇప్పటికీ చక్కగా చదువుకోవచ్చు.

ఫొటోల సంగతి చెప్పాలంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. అట్టపెట్టెలో ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మా ముత్తాతదీ, ఆయన భార్యదీ కలిసి ఒకే ఒక్క ఫొటో. కాకినాడ స్టూడియోలో తీయించింది, వెనక రంగు తెర మీద మెట్లూ, పూలకుండీ. నాకు పదహారేళ్ళు, తొందర ఎక్కువ. గోరు పెట్టి లాగాను. చర్రున ఊడొచ్చింది. ముత్తవ్వ మొహం వేరే ఫొటో వీపుకి అంటుకుని వచ్చేసింది, ఎవరికీ పనికిరాకుండా. పట్టు చీర, వంకీలు, చేతిలో రుమాలు అన్నీ ఉన్నాయి. మెడ పైన తెల్లటి అట్ట. అత్తయ్య ఏమీ అనలేదు. ఆ రోజుకీ ఈ రోజుకీ ఏమీ అనలేదు, అదే బాధ.

పన్నెండేళ్ళ తరవాత, నేను రాజమండ్రిలో ఒక కాలేజీ లైబ్రరీలో చేరాక, పాత కాయితాలు ఎలా కాపాడాలో శిక్షణకి పంపారు. అక్కడ ఒకావిడ మామూలుగా, ఇడ్లీపిండి ఎలా రుబ్బాలో చెప్పినట్టు చెప్పింది. ఫొటో బొమ్మ ఉండేది జెలటిన్ పొరలోట. తడిస్తే అది ఉబ్బి జిగురవుతుంది. అంటుకున్న వాటిని లాగకూడదు. చల్లటి మంచినీళ్ళ పళ్ళెంలో వేసి, వాటంతటవి విడేదాకా ఆగాలి. బొమ్మ వైపు వేలు తగలకుండా నీడన ఆరబెట్టాలి. నూతిలో చేదెడు నీళ్ళు, ఒక పళ్ళెం, ఒక గంట ఓపిక. నోట్సు రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

వరద తరవాత అత్తయ్య తెలివిగా ఉత్తరాలు మళ్ళీ తీగకి గుచ్చి, అన్నీ ట్రంకులో పెట్టి అటకెక్కించింది. ఇక గోదారి ఏం చేస్తుంది? 1996 నవంబరు 6 రాత్రి తుఫాను పెంకులన్నీ ఎత్తుకుపోయింది. ఈసారి నీళ్ళు పైనుంచి వచ్చాయి. కోనసీమ కొబ్బరి చెట్లు తలలు తెగి పడ్డ ఆ రాత్రి ట్రంకు పెట్టె గురించి ఎవరు తలుచుకుంటారు. దాని మూత తుప్పు పట్టింది. లోపల అంచులు కొంచెం నెమ్మెక్కాయి, అంతే.

*

తాతయ్య డైరీలు పదమూడు. ఎరువుల కొట్టువాళ్ళు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చినవి. మనసులో మాటలుంటాయేమో అని ఆశగా తెరిచాను. "దింపు 1140 కాయ. దింపువారు ఇద్దరు. ఒలుపు రేపు. మధ్యాహ్నం జల్లు." ఇంకో పేజీలో "కాలవలు వదిలారు. నారుమడికి నీరు అందింది." మా చిన్నమావయ్య పుట్టిన రోజు వెతికాను. "అంబాజీపేట ధర తగ్గింది. నుయ్యి పూడిక తీత, నలుగురు. తె.జా. ప్రసవం, మగ." అంతే. కొబ్బరి ధర మొదట, కొడుకు చివర్న. మావయ్య ఉండగా ఇది చూసుంటే ఏమనేవాడో!

మొదట్లో నవ్వొచ్చింది. నాలుగైదు చదివాక ఆ ఇల్లంతా నడుస్తున్నట్టు అనిపించింది. ఏ వేసవిలో ఎన్నాళ్ళు కాలవలు కట్టేశారో, కూలి ఎంతో, ఎవరింట్లో పెళ్ళికి ఎన్ని కాయలు పంపారో. మా అమ్మమ్మ పేరు పదమూడు డైరీల్లో ఒక్కసారీ లేదు. "ఇంట్లో జ్వరం" అని మాత్రం చాలాచోట్ల ఉంది. ఇంట్లో అంటే అమ్మమ్మ.

*

లైబ్రరీలో ఉన్న రోజుల్లో ఈ పిచ్చి ముదిరింది. ఖాళీ దొరికితే గౌతమీ గ్రంథాలయానికి పోయేదాన్ని. అక్కడ తాళపత్రాలు చూస్తుంటే ఒక పక్క ఆనందం, ఒక పక్క ఉక్రోషం. కావ్యాలకి చోటుంది, మా పాలేరు కార్డుకి ఎక్కడ?

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారిపొడుగునా రాసి పంపిన సంగతులు ఇవాళ మనకి దక్కాయంటే, వాటిని అందుకున్న స్నేహితుడు శ్రీనివాసపిళ్ళె దాచి అచ్చు వేయించబట్టి. మంచి స్నేహితుడు. కానీ ఆ పల్లకీ మోసిన బోయీలు ఇంటికి ఏం కబురు చేశారో? ఎవరి చేత రాయించుకున్నారో, అసలు రాయించుకున్నారో లేదో.

బయటి దేశాల సంగతులు ఆ రోజుల్లోనే చదివాను. ఇటలీలో పియెవె సాంతో స్టెఫానో అనే చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, జర్మన్ సైన్యం వెళ్తూ వెళ్తూ ఇళ్ళన్నీ పేల్చేసింది. పాత ఊరంటూ దాదాపు మిగల్లేదు. 1984లో సవేరియో తుతీనో అనే పత్రికా రచయిత అక్కడ డైరీల భాండాగారం పెట్టాడు. ఎవరైనా పంపొచ్చు. డైరీలు, ఉత్తరాలు, జీవితకథలు వేలల్లో చేరాయి. అందులో ఒక రైతు ఇల్లాలు, క్లేలియా మార్కి, తన బతుకంతా దుప్పటి మీద రాసింది. భర్త పోయాక ఆయనతో పంచుకోవడానికి లేని పెళ్ళినాటి దుప్పటి అది. ఈ కథ అత్తయ్యకి చెప్తే, "డబల్ దుప్పటా, సింగిలా?" అని అడిగింది. డబల్ అన్నాను. "అయితే చాలానే రాసుంటుంది" అంది.

ఇంగ్లండులో 1937లో మాస్ అబ్జర్వేషన్ అని మొదలెట్టి మామూలు జనానికి ప్రశ్నలు పంపేవారు. మీ ఇంట్లో చలిమంట గూటి పైనున్న అరుగు మీద ఏమేం ఉన్నాయో వరసగా రాయండి అని ఒక ప్రశ్న. ఇదీ ఒక ప్రశ్నేనా అనిపించింది ముందు. తరవాత కళ్ళు మూసుకుని మా సావిట్లో గూడు తలుచుకున్నాను. కిరసనాయిలు బుడ్డి, సగం కాల్చి ఆర్పిన చుట్ట, అగ్గిపెట్టె, పంచాంగం, అమృతాంజనం సీసా, తాతయ్య పళ్ళసెట్టు ఉన్న గాజుగ్లాసు. ఎవరైనా అప్పుడే అడిగుంటే ఇంకా ఎన్ని చెప్పేదాన్నో. ఆ కాయితాలన్నీ ససెక్స్ యూనివర్సిటీలో ఉన్నాయి. 1981 నుంచి మళ్ళీ రాయిస్తున్నారు. రాసినవాళ్ళకి పేర్లుండవు, నంబర్లుంటాయి.

మన దగ్గరా లేకపోలేదు. ముంబైలో ఆడవాళ్ళ బతుకుల్ని గొంతుల్లో, బొమ్మల్లో దాచడానికి 1988లో స్పారో అనే సంస్థ పెట్టారు. తమిళ రచయిత్రి అంబై పెట్టినవాళ్ళలో ఒకరు. హైదరాబాద్ తార్నాకలో సర్కారువారి ఆర్కైవ్స్ ఉంది, కానీ అక్కడుండేవి దస్తావేజులు, ఫర్మానాలు, ఫైళ్ళు.

ఒకసారి ధైర్యం చేసి మా తీగ సంగతి ఒక కార్యాలయంలో అడిగాను. ఆ ఆఫీసరు మర్యాదగానే కుర్చీ చూపించి, "ఎవరి ఉత్తరాలండీ? ప్రముఖులవా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. "మా పాలపిన్నివండి" అన్నాను. టీ తాగి వచ్చేశాను.

చిన్నప్పుడు సెంటరులో కొట్టుకి బెల్లం కోసం వెళ్తే పొట్లం విప్పి ముందు కాయితం చదివేదాన్ని. ఒకసారి ఎవరిదో డైరీ పేజీ వచ్చింది. "ఈ రోజు కూడా ఆమె రేవుకు రాలేదు" అని ఒక్క వాక్యం, మిగతా అంతా బెల్లం పాకం. మర్నాడు అమ్మమ్మ అడక్కుండానే మళ్ళీ బెల్లానికి వెళ్ళాను, తరవాతి పేజీ వస్తుందేమోనని. చింతపండు పొట్లంలో లెక్కల పరీక్ష పేపరు వచ్చింది. ఆమె రేవుకి వచ్చిందో లేదో.

*

తీగ నుంచి ఉత్తరాలు తీయడం రెండు రోజుల పని. తుప్పు పట్టి చిల్లు దగ్గర అతుక్కుపోయాయి. ఈసారి లాగలేదు. తీగనే కటింగ్ ప్లేయరుతో ముక్కలు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ఉత్తరం విడిపించాను. అత్తయ్య పక్కన కూచుని ఎవరు ఎవరో చెప్పింది. నేను వెనకవైపు మెత్తటి పెన్సిలుతో పేర్లు రాశాను. "ఈవిడ మీ తాతయ్యకి మేనత్త కూతురు. ఈయన అప్పు ఎగ్గొట్టాడు, అది రాయకు." రాయలేదు. ఫోనుతో ఒక్కోటీ ఫొటో తీశాను. కొత్త కాయితం కవర్లలో పెట్టాను. ఊరంతా తిరిగినా ప్లాస్టిక్ కవర్లే దొరికాయి, చివరికి బావ స్కూలు దగ్గర కొట్లో ఖాకీ కవర్లు పట్టుకొచ్చాడు.

ఏరోగ్రాములు నావి కావు. పిన్నీ, ఆయనా ఇద్దరూ లేరు. వాళ్ళమ్మాయి కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. పెయ్య కథ అయ్యాక పుట్టిన పిల్ల. ఆటో నడిపే తమ్ముడి దగ్గర నంబరు తీసుకుని, మీ నాన్నగారి ఉత్తరాలున్నాయి, నీకు పంపనా, వీటిని ఎవరికైనా చూపించొచ్చా అని మెసేజి పెట్టాను. శుక్రవారం, సెలవు రోజు, వీడియో కాల్ వచ్చింది. వంటగదిలో నిలబడి ఉంది. మొహం అచ్చం పిన్నిదే.

"పంపితే ఏం చేసుకుంటానండీ, నాకు చదవడం అంతంతమాత్రం. మీరే చదివి వినిపించండి పాపగారూ."

యాభై దాటినా పాపగారినే. పైన పెంకు దింపే కుర్రాళ్ళని కాసేపు ఆగమని చెప్పాను. అత్తయ్య కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అన్నిటికన్నా పైన ఉన్న ఏరోగ్రామ్ తీశాను. ళకి పొడుగాటి తోక.

"శ్రీరస్తు. మస్కట్. నీ భర్త వ్రాయునది. నేను క్షేమం. ఇచ్చట ఎండలు జాస్తి. రాత్రులు డాబా మీద పడుకొన్నచో మన గట్టు మీద గాలి జ్ఞాపకం వచ్చుచున్నది. పడ్డకు చుక్క గుండ్రముగా నున్నదా, పొడుగుగా నున్నదా వ్రాయవలెను. నేను వచ్చువరకు దానిని..."

అక్కడ చిల్లు. చుట్టూ తుప్పు మరక. చిల్లు తరవాత "కుండా చూడవలెను" అని మిగిలింది. అమ్మకుండానా? తడవకుండానా? ఎవరికీ చూపించకుండానా?

"ఏమైందండీ? ఆగిపోయారేంటి?"

"చిల్లు పడిందమ్మా. ఒక మాట పోయింది."

కువైట్‌లో కుక్కరు కూసింది. ఆ పిల్ల అటు తిరిగి మంట తగ్గించి మళ్ళీ ఫోన్ ముందుకొచ్చింది.

"ఏదో ఒకటి వేసి చదివేయండి పాపగారూ."